ఊరు నమ్మిన చెయ్యి

మా కాక పోయాడని చిన్నమ్మ ఫోన్ చేసినప్పుడు నేను మాన్వి బస్టాండులో రాయచూరు బస్సు కోసం నిలబడి ఉన్నాను. కాక అంటే మా నాన్న తమ్ముడు. చిన్నమ్మ ఏడవలేదు. "పొద్దుగాల గోడకు ఒరిగిండు, మల్ల లేవలే. నువ్వొచ్చినంక ఎత్తుతమంటున్నరు, జర జల్ది రా బిడ్డా" అని, పక్కన ఎవరికో ఏదో పురమాయిస్తూనే పెట్టేసింది. బస్సు వచ్చింది. ఎక్కాను. కిటికీ పక్కన సీటు కూడా దొరికింది. నాకూ ఏడుపు రాలేదు. వచ్చింది కోపం. కాక మీద కాదు. ఎవరి మీదో ఆ రోజు చెప్పలేకపోయాను, ఇప్పుడూ చెప్పలేను. రాస్తే తేలుతుందేమో అనుకుంటున్నాను. తేలకపోవచ్చు కూడా.

కాక రైసుమిల్లులో హమాలీ. మాది కర్ణాటకలోనే, తెలంగాణ సరిహద్దును ఆనుకున్న పల్లె. తెల్లారేసరికి ఊరి మగవాళ్లు కొందరు ఒకే టంటం ఆటోలో ఇరుక్కుని రాయచూరు బయటి మిల్లుకు పోయేవాళ్లు, చీకటి పడ్డాక వచ్చేవాళ్లు. వచ్చేసరికి కాక కనుబొమ్మల నిండా తవుడు. ముసలివాడివైపోయావని చిన్నప్పుడు మేం ఏడిపిస్తే, మొహం కడుక్కుని వచ్చి, "ఇగో, మల్ల పడుసోన్నయిన" అనేవాడు. ఏ వస్తువునైనా కింద పడేస్తే ఊరుకునేవాడు కాదు, అది నీళ్ల బిందె కానీ బడి సంచి కానీ. "పడేసుడు గాదవ్వా, దించుడు నేర్చుకో" అని మళ్లీ ఎత్తించి, మళ్లీ దింపించేవాడు.

నేను చదువు ముగించి కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగంలో చేరినప్పుడు ఊళ్లో అందరూ జీతమెంత అని అడిగారు. కాక మాత్రం సెలవులుంటాయా అని అడిగాడు. ఉంటాయన్నాను. "మంచిగున్నది. నువ్వు నోటితోని బతుకుతవు, నేను వీపుతోని బతుకుత. నీ నోరు నొస్తె ఇంట్ల పండొచ్చు" అన్నాడు. అప్పుడది సంతోషమే అనుకున్నాను. అందులో ఇంకేమైనా ఉందా అన్న ఆలోచన తర్వాత వచ్చింది.

దెబ్బ తగిలిన రోజు మిల్లులో లారీకి లోడు ఎత్తుతున్నారు. బస్తాల దొంతర మీదికి వాలుగా వేసిన పలక మీద కాక ఉన్నాడు. పైనున్న బస్తా ఒకటి జారింది. కింద మా ఊరివాడే ఇంకో హమాలీ ఉన్నాడు. కాక కుడిచెయ్యి పైకి చాచి బస్తాను ఆపబోయాడు. బస్తా ఆగలేదు గానీ పక్కకు పడింది, కాక చెయ్యి మాత్రం వెనక్కి తిరిగిపోయింది. కింది మనిషిని కాపాడావు కదా అని ఎవరైనా అంటే కాకకు చిరాకు. "వాడు యాదిల ఉంటె గద. బస్తా పలిగితె మేస్త్రి తిడతడని చెయ్యి పెట్టిన" అనేవాడు.

కూలీలను మాట్లాడి మిల్లుకు తెచ్చే ఆ మేస్త్రే కాకను ఆసుపత్రికి కాకుండా కట్లు కట్టే నాటు వైద్యుడి దగ్గరికి తీసుకుపోయాడు. పసరు పూసి, వెదురు బద్దలు పెట్టి, గుడ్డ చుట్టి పంపారు. అలా ఆ రోజు ఏ ఆసుపత్రి పుస్తకంలోకీ ఎక్కకుండా పోయింది. ఎముక విరగలేదు. భుజం లోపల కండను ఎముకకు పట్టి ఉంచే నరం తెగింది. అది మామూలు ఎక్స్‌రేలో కనబడదని ఆ తర్వాతెప్పుడో చూసిన పెద్ద డాక్టరు చెప్పాడు, కాగితం కూడా రాసిచ్చాడు. అప్పటికి నెలలు గడిచిపోయాయి.

భుజం దెబ్బలో ఉన్న అన్యాయం అది కనబడకపోవడమే. కాలు విరిగినవాడు కుంటుతాడు. చెయ్యి తెగినవాడికి చొక్కా చెయ్యి ఖాళీగా వేలాడుతుంది. కాక చెయ్యి ఎక్కడుండాల్సింది అక్కడే ఉంది, హమాలీ కండతో, చూడ్డానికి నాలాంటి వాళ్ల చెయ్యి కంటే ఆరోగ్యంగా. గ్లాసు నడుము దాకా లేచేది, అక్కడినుంచి ఎడమచేతికి మారేది. తల చిన్నమ్మ దువ్వేది. వాకిట్లో కూర్చుని మొగుడికి తల దువ్వుతుంటే పోయేవాళ్లు, ఏమక్కా, కొత్త పెళ్లా అని నవ్వేవాళ్లు. పడుకుంటే భుజం ఆనదు కాబట్టి కాక గోడకు ఒరిగి కూర్చునే నిద్రపోయేవాడు. అందుకే మొన్న ఆయన పోయిన సంగతి కూడా చాలాసేపటి దాకా ఇంట్లో ఎవరికీ తెలియలేదు.

నష్టపరిహారం కోసం కేసు వేశాడు. మిల్లు తన జవాబులో, ఈయన మా మనిషే కాడు, మేస్త్రి మనిషి అంది. ఆ కిందనే, ఈ దెబ్బ మా దగ్గర తగిలింది కాదంది. ఇంకాస్త కింద, అసలు ఇది దెబ్బే కాదు, వయసు మీద వచ్చే అరుగుదల అంది. ఒకదానికొకటి పొసగని మూడు మాటల్ని ఒకే సంతకం మీద చెప్పవచ్చని నాకు అప్పటిదాకా తెలియదు. యూనివర్సిటీలో మాకు చెప్పిన తర్కంలో ఇది లేదు.

మా వకీలు కుర్రవాడే, కానీ కష్టపడ్డాడు. కాక ఆ మిల్లులోనే పనిచేసేవాడని మేస్త్రి చేతే ఒప్పించాడు. దెబ్బ తగలడం కళ్లారా చూసిన మనిషి ఒక్కడే ఉన్నాడు, ఆ రోజు బస్తా కింద ఉన్న హమాలీ. ఆయన బోనులో నిలబడి, నేను అటు తిరిగి ఉన్నాను, ఏమీ చూడలేదు అన్నాడు. ఆయన ఆ మిల్లులోనే బస్తాలు మోస్తున్నాడు మరి. ఇక మిగిలింది చెయ్యి. అది నిజంగానే లేవదని కోర్టు నమ్మితే, మిగతాది డాక్టరు కాగితం మీద నిలబెడతానన్నాడు వకీలు. అంటే కాక ఇంటి బతుకంతా ఆ ఒక్క నమ్మకం మీద ఆగింది.

ఇక్కడ మొహర్రంలో వచ్చే పీర్ల పండుగ సంగతి చెప్పాలి. మా ఊళ్లో ముస్లిముల ఇళ్లు తక్కువే, పండుగ మాత్రం అందరిదీ. పొడుగాటి కర్రకు పట్టుగుడ్డలు చుట్టి నిలిపే పెద్ద పీరును ఎత్తుకునే వంతు తాతల నాటినుంచి మా ఇంటి మగవాళ్లది. దెబ్బ తగిలాక కాక ఆ వంతు మా అన్నకు వదిలేశాడు. కేసు నడుస్తున్న ఏడు, పండుగ ఆఖరి రోజున నిప్పుల గుండం పక్కన, జనంలో ఊరికే నిలబడ్డాడు. నేనూ అక్కడే ఉన్నాను. డప్పులు ఊపందుకున్నాయి. కాక ఒళ్లు ఊగడం మొదలైంది. చుట్టూ ఉన్నవాళ్లు పక్కకు తప్పుకున్నారు. కాక ముందుకు పోయి పెద్ద పీరును అందుకుని, రెండు చేతులతో తలకంటే పైకెత్తి, గుండం చుట్టూ తిరిగి వాగు దాకా నడిచాడు. ఆడవాళ్లంతా ఒక్కసారి వంగి మొక్కారు. గ్లాసు ఎత్తలేని చెయ్యి అది అని ఊళ్లో ప్రతి ఒక్కరికీ తెలుసు. తెలుసు కాబట్టే మొక్కారు. చచ్చిన చేతితో స్వామి తనను ఎత్తించుకున్నాడని కథ చుట్టుపక్కల పల్లెలకు పాకింది. మర్నాటినుంచి ఆ చేతిని ముట్టి కళ్లకు అద్దుకోవడానికి జనం వచ్చారు. చిన్నమ్మ తలుపు దగ్గరగా వేసి, ఉప్పు మూటతో భుజానికి కాపడం పెడుతూ, "స్వామి ఎత్తిండు సరే, వాపు ఈయనకు ఇచ్చి పోయిండు" అని గొణిగింది.

కోర్టులో కాకను విచారించింది ఆ తర్వాతే. కాలేజీకి సెలవు పెట్టి నేనూ వెంట వెళ్లాను. అడిగినదానికే జవాబు చెప్పు, ఎక్కువ మాట్లాడకు అని వకీలు బయటే చెప్పి తీసుకుపోయాడు. జడ్జి మెత్తని మనిషి. మీ చెయ్యి లేవదని మీ ఇంటివాళ్లు కాకుండా ఇంకెవరైనా చెప్పగలరా అని అడిగారు. కాక మొహం వెలిగింది. తన దగ్గరున్న అన్నిటికంటే పెద్ద సాక్ష్యాన్ని అడుగుతున్నారు మరి. అంతా కన్నడంలోనే జరిగింది, కానీ ఆ మాటలు నాకు ఎప్పుడు గుర్తొచ్చినా మా ఇంటి తెలుగులోనే వినబడతాయి.

"ఊరంత జెప్తది సార్. ఈ చెయ్యి సచ్చిందని ఎర్కున్నందుకే గద, దీంతోని పీరు లేచిన నాడు ఊరంత మొక్కింది."

మా వకీలు కళ్లు మూసుకున్నాడు. మిల్లు వకీలు లేచాడు. గొంతు పెంచలేదు, ఎంతో మర్యాదగా అడిగాడు. పీరు బరువుగానే ఉంటుందా పెద్దాయనా అన్నాడు. వాగు ఎంత దూరం అన్నాడు. చెయ్యి ఎంతవరకు లేచింది అన్నాడు. ఇంత చదువుకున్న మనిషి స్వామి గురించి అడుగుతున్నాడని కాక మురిసిపోయాడు. మామూలుగా పక్కన ఇంకొకరు ఆసరా పడతారని, ఆ రోజు తానొక్కడే పట్టాడని, తలకు ఇంత పైన అని ఎడమచేత్తో చూపించి మరీ చెప్పాడు. వచ్చే పండుగకు మీరూ రండి అని పిలిచాడు. కొందరు నవ్వారు. కాక కూడా వాళ్లతో కలిసి నవ్వాడు.

అంటే ఎత్తింది మీరే కదా అన్నాడు మిల్లు వకీలు.

"నేనెట్ల ఎత్తుత సార్, నా చెయ్యి లేవదు గద. స్వామి ఎత్తిండు."

జడ్జి టైపిస్టు వైపు చూశారు, టైపిస్టు జడ్జి వైపు చూశాడు. ఆ మాటను పెట్టడానికి ఆ గదిలో చోటు లేదు. పీరును తలపైకి ఎత్తి వాగు దాకా నడిచినట్లు ఒప్పుకున్నాడు అని జడ్జి చెబుతుంటే టైపిస్టు కొట్టుకున్నాడు.

తిరుగు బస్సులో కాక నన్ను అడిగాడు, "మంచిగ జెప్పిన్నా?" మంచిగా చెప్పావన్నాను. అబద్ధం కాదు. అంత బాగా ఆయన మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. ఇంటికొచ్చాక చిన్నమ్మతో, స్వామి సంగతంతా మిషన్ మీద కొట్టుకున్నారని గర్వంగా చెప్పుకున్నాడు.

కేసు కొట్టేశారు. జడ్జిని తప్పుపడదామని ఎంత చూసినా నాకు చేతకాలేదు. ఆ కుర్చీలో కూర్చుంటే నేను మాత్రం వేరే ఏం రాసేదాన్ని? అదే నాకు ఎక్కువ చేదు. కాగితం రాసిచ్చిన డాక్టరు దగ్గరికి వెళ్లి, ఆ రోజు చెయ్యి ఎలా లేచిందని అడిగాను. పూనకంలో నొప్పి తెలియదు, మిగిలిన కండరాలు కలిసి లేపుతాయి, తర్వాత వాచిపోతుంది, ఇందులో వింతేమీ లేదు అన్నాడు. మరి కోర్టులో చెబుతారా అంటే, నన్నెవరూ అడగలేదమ్మా అన్నాడు. పెద్ద కోర్టుకు పోదాం, ఈ మాట డాక్టరు చేత చెప్పిద్దాం అని వకీలూ నేనూ కాక దగ్గర కూర్చున్నాం. ఆయన అంతా విన్నాడు.

"అంటె స్వామి రాలేదని జెప్పాల్నా?"

పీరు నిజంగా వచ్చిందా లేదా అన్నది నాకు తెలియదు. నేను నమ్మేది డాక్టరు మాటనే. కానీ నా నమ్మకాన్ని గెలిపించడానికి ఆయన నమ్మకాన్ని అబద్ధం అనమని అడుగుతున్నానని ఆ నిమిషంలో అర్థమైంది. అప్పీలు వేయలేదు.

తీర్పు కాగితాన్ని కాక నా చేత ఒకటికి రెండుసార్లు చదివించుకున్నాడు. కేసు పోయినందుకు ఆయన అంత బాధపడలేదు. "స్వామి జేసింది నేను జేసిన్నని రాసిండ్రు గద బిడ్డా. ఇగ ఏం మొకం పెట్టుకొని పోవాలె గుండం కాడికి?" అన్నాడు. పోలేదు. తర్వాత ఏ పండుగకూ పోలేదు. డప్పులు మొదలైతే తలుపేసుకుని లోపల కూర్చునేవాడు. పరిహారం రాకపోవడం ఒక ఎత్తు. మిల్లు ఆయన పండుగను కూడా తీసుకుపోయింది.

ఊరి నమ్మకం కూడా అంత గట్టిది కాదని తేలింది. కోర్టే చెప్పిందట అన్న మాట వచ్చాక చూపులు మారాయి. ఛాయ్ హోటల్ దగ్గర ఒకడు, "ఏం కాకా, పీరుకైతె ఒస్తడు, బస్తాకు రాడా స్వామి?" అన్నాడట. కాక, "బస్తాకు మేస్త్రి ఒస్తడు" అన్నాడట. ఆ జవాబు చాలా రోజులు ఊళ్లో తిరిగింది. దాంతో పాటు ఆ ప్రశ్న కూడా తిరిగింది. మా అమ్మ ఒకరోజు నన్ను పక్కకు పిలిచి, నిజంగా లేవదంటావా అని అడిగింది. లేవదన్నాను. అన్నానే గానీ, ఆ తర్వాత కాక ఇంటికి పోయినప్పుడల్లా నా కళ్లు ఆయన గ్లాసు వెంట పోయేవి. చిన్నమ్మ పత్తి ఏరడానికి పోతూ ఇల్లు నడిపింది. ఆమె మాత్రం ఎవరినీ ఏమీ అడగలేదు. పొద్దున్నే దువ్వెన తీసుకుని వచ్చి కాక వెనకాల కూర్చునేది.

నేను చేరేసరికి వాకిట్లో స్నానం చేయించడానికి పీట వేశారు. మగవాళ్లు చొక్కా విప్పుతున్నారు. శరీరం అప్పటికే బిగుసుకుంది. చొక్కా ఊడి రాక, ఒక పడుచువాడు కుడిచేతిని పట్టి పైకి లాగబోయాడు. ఆడవాళ్ల మధ్య కూర్చున్న చిన్నమ్మ ఏడుపు ఆపింది.

"ఆ చెయ్యి గుంజకుండ్రి. నొస్తది."

ఆ రోజు బస్తా కింద ఉన్న హమాలీ వెనకనుంచి వచ్చి, పడుచువాణ్ని పక్కకు జరిపి, పీట దగ్గర కూర్చున్నాడు. కత్తెర అడిగి తీసుకుని చొక్కా చేతిని మణికట్టునుంచి భుజం దాకా కొంచెం కొంచెంగా కత్తిరించాడు. కత్తిరిస్తున్నంతసేపూ ఎడమ అరచేతిని కాక మోచేతి కింద ఆనించి ఉంచాడు. చొక్కా వచ్చేసింది. కత్తెర కింద పెట్టాడు, అరచెయ్యి తీయలేదు. ఎవరో బిందె ఎత్తి నీళ్లు పోశారు. నీళ్లు కాక భుజం మీదినుంచి దిగి, మోచేతి దగ్గర ఆ హమాలీ వేళ్ల సందుల్లోంచి కారుతూ ఉన్నాయి.