వెంట్, హాజ్ గాన్

ఆదిభట్ల కంపెనీలో కొత్తగా చేరిన మా మనవరాలు మొన్న ఆఫీసుకు ఏదో ఉత్తరం రాస్తూ, "తాతా, ఈడ 'వెంట్' రాయాల్నా, 'హాజ్ గాన్' రాయాల్నా?" అని అడిగితే, ఏళ్ల తరబడి ఇంగ్లీషు చెప్పిన నాకు జవాబు కన్నా ముందు ఒక పిల్ల గుర్తొచ్చింది.

ఉద్యోగంలో చేరిన తొలి ఏడాది, ఇబ్రహీంపట్నం బడిలో తొమ్మిదో తరగతికి ఆ పాఠమే చెబుతున్నాను. వెళ్లిన మనిషి ఇంకా తిరిగి రాకపోతే 'హాజ్ గాన్' అనీ, ఎప్పుడో వెళ్లాడు, ఆ సంగతి ముగిసిపోయింది అంటే 'వెంట్' అనీ బోర్డు మీద రాసి, తలా ఒక వాక్యం రాయమన్నాను. ముందు వరుసలో కూర్చునే పిల్ల, అంతకు ముందురోజే నా స్పెల్లింగు తప్పును అందరి ముందూ చూపించిన పిల్ల, తన తండ్రి బొంబాయి వెళ్లాడని 'హాజ్ గాన్'తో రాసింది. ఆయన కూలికని వెళ్లి రెండేళ్లయిందనీ, ఉత్తరం ముక్క కూడా లేదనీ ఊరందరికీ తెలుసు, నాకూ తెలుసు.

నిలబెట్టాను. ఉత్తరం వచ్చిందా అని అడిగాను. రాలేదంది. మరి తిరిగొస్తాడని ఎవరు చెప్పారన్నాను.

"అమ్మ చెప్పింది సార్. బాపు వస్తడు."

మీ అమ్మకు గ్రామరు రాదు, 'వెంట్' అని రాయి అన్నాను. తరగతి గొల్లుమంది. ఆ నవ్వు నాకు బాగుంది. అందుకే బోర్డు దగ్గరికి పిలిచి పదిసార్లు రాయించాను. ఆ పిల్ల ఏడవలేదు. ఏడ్చి ఉంటే అక్కడితో ఆపేవాణ్ణేమో.

ఆ పిల్ల మొదట రాసిందే సరి. రాయిస్తున్నప్పుడే ఆ సంగతి నాకు తెలుసు. మర్నాడు చెబుదామనుకుని చెప్పలేదు. పరీక్షలో ప్రతి వాక్యమూ 'వెంట్'తోనే రాస్తే సున్నాలు చుట్టాను. దసరా సెలవుల తరువాత బడికి రాలేదు, తోటల్లో కూలికి పోతోందన్నారు.

నేను రిటైరయ్యాక ఒకనాడు, బస్టాండు దగ్గర జామకాయల గంప ముందు కూర్చున్న నెరిసిన జుట్టు మనిషి నన్ను గుర్తుపట్టి 'సార్' అని పలకరించి, తనెవరో చెప్పింది. కాయలు ఏరుతూ తండ్రి సంగతి అడిగాను.

"రాలే సార్. అమ్మ సచ్చేదాక ఎదురుజూసింది. నేను జూడలే. మీరు గప్పుడే చెప్పిన్రు గద," అంది, కోపమేమీ లేకుండా.

నువ్వు మొదట రాసిందే సరి అని అప్పుడైనా చెప్పవలసింది. కాయలు తీసుకుని వచ్చేశాను.

ఇప్పుడా బడికి కొత్త గదులు, గోడ మీద పెద్ద తెర. తప్పు రాసిన పిల్లల్ని ఎవరూ నలుగురిలో నిలబెట్టరట. మా తరం పంతుళ్లం ఎక్కడైనా కలిస్తే, ఆ రోజుల్లో పిల్లలు మన మాటను ఎంతగా నమ్మేవాళ్లో అని మిత్రులు మురిసిపోతుంటారు. నిజమే, నమ్మేవాళ్లు.