అమీన్ సాబుకు కాగులో కిచిడీ

మా నాయినకు కోపం ముక్కు మీదే ఉండేది. ఒకసారి సిద్దిపేట బస్టాండు గేటు పక్కన, "ఇక్కడ బండ్లు నిలుపరాదు" అన్న బోర్డు కిందనే స్కూటర్‌కు స్టాండు వేసి, చేర్యాల బస్సెక్కే చుట్టాన్ని సాగనంపడానికి పోయాడు. జరిమానా వేశారు. "రోడ్డు వాళ్ళ తాతదా? నేను కట్ట!" అని మొండికేశాడు. కోర్టు కాగితాలు వచ్చినా అదే పాట. ఆ మొండితనమేదో పనికొచ్చే చోట చూపిస్తే మాకు మేడలు లేచేవి.

చివరికి ఒక చలికాలం పొద్దున అమీన్ సాబ్ దిగాడు. కోర్టు తరఫున సామాన్లు జప్తు చేసే ఆయన. వెనక ఒక బంట్రోతు. స్కూటర్ మా మేనమామ పేరు మీద ఉంది కాబట్టి దాన్ని ముట్టలేదు. ఇల్లంతా కలియజూసి, పెరట్లో పొయ్యి మీదున్న రాగి కాగు దగ్గర ఆగాడు. మా స్నానాలకు నీళ్ళు కాచే కాగు అది. అమ్మకు పుట్టింటివాళ్ళు పెట్టింది. చింతపండుతో తోమి తోమి మెరిపించేది. మమ్మల్ని కూడా అంత శ్రద్ధగా తోమలేదు.

"గిదొక్కటి చాలు" అన్నాడు అమీన్ సాబ్.

అమ్మ నాయినను ఒక్క చూపు చూసింది. నడుముకు తువ్వాలతో స్నానానికి నిలబడ్డ ఆయన జామచెట్టు వెనక్కి జరిగాడు.

"అన్నా, మీరు ఏమేం ముట్టొద్దు?" అని అడిగింది అమ్మ.

"కట్టుబట్టలు, పక్కబట్టలు, వంటగిన్నెలు ముట్టం చెల్లె."

"గిది వంటగిన్నెనే."

"నీళ్ళు కాగుతున్నయ్ గద!"

"ఎసరు పెట్టిన."

అమీన్ సాబ్ నవ్వాపుకుంటూ అరుగు మీద కూర్చున్నాడు. "సరే, వండు. చూసే పోత."

ఇక చూడాలి మా అవస్థ! గుప్పెడు బియ్యం ఆ కాగులో ఏ మూలకు? నెల బియ్యంలో సగం పోసింది అమ్మ. రాగికి పులుపు పడదని పెసరపప్పు వేసి కిచిడీకి దిగింది. గరిటె అడుగుకు అందలేదు. నాయినే తువ్వాల జారకుండా ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో కడిగిన వెదురుకట్టె తిప్పాడు. వాసనకు వాడంతా గిన్నెలు పట్టుకుని వచ్చింది. అమీన్ సాబ్ మారు వడ్డించుకుని తిన్నాడు. బంట్రోతు టిఫిన్ డబ్బా నింపుకున్నాడు.

"ఉప్పు తక్కువైంది చెల్లె. కని వంటగిన్నెనే" అని తేల్చేసి అమీన్ సాబ్ లేచాడు. పోతూ పోతూ నాయినకు మాత్రం గట్టిగా చెప్పాడు: "రేపు కట్టకపోతే మళ్ళొస్త."

మరునాడు నాయిన నోరెత్తకుండా పోయి జరిమానా కట్టి వచ్చాడు. స్నానానికని పెరట్లోకి పోతే పొయ్యి ఖాళీగా ఉంది. కాగు వంటింట్లో బోర్లించి ఉంది.

"వేడినీళ్ళేవే?"

"వంటగిన్నెల స్నానం నీళ్ళు పెడతరా ఎవరన్న? సర్కారోల్లకు వంటగిన్నె అని చెప్పిన. నన్ను అబద్ధాలకోరును చేస్తవా?"

మాకు చిన్న గిన్నెలో నీళ్ళు కాచి పోసేది. నాయినకు ఆ చలికాలమంతా చన్నీళ్ళే. ఆ రోజు మొదటి చెంబుకే వీధి చివరిదాకా వినబడేలా అరిచాడు.

"గింత సల్లకే ఒర్రుతున్నవా?" అంది అమ్మ వంటింట్లోంచి. "కాగు పోయుంటే నా పానం గింతకన్న సల్లబడుతుండె."

నాయిన పళ్ళు బిగబట్టి రెండో చెంబు పోసుకున్నాడు.