అందరికీ తలో నంబరు

మాది మన్యంలో, జి.మాడుగులలో కిరాణా కొట్టు. తాతల కాలంలో మైదానం నుంచి వచ్చాం. విశాఖలోని ఓ చిన్న కంపెనీకి కొట్టు వెనక గదిలోంచే కోడ్ రాస్తాను. గిరిజన పిల్లల హాస్టల్ సీట్లకు దరఖాస్తులు తీసుకునే ప్రోగ్రాం రాసింది నేనే. ఇప్పటికీ ఆ ఫైలు తెరవాలంటే నీరసం ముంచుకొస్తుంది.

ప్రోగ్రాం సరిగ్గా నడుస్తోందో లేదో చూడ్డానికి ఉత్తుత్తి పిల్లలు కావాలి. అడిగినంత మందిని తయారుచేసి ఇచ్చే కోడ్‌ని మేం ఫ్యాక్టరీ అంటాం. పేరు, ఊరు, పుట్టిన తేదీ అన్నీ అదే పెడుతుంది. నా ఫ్యాక్టరీలో పుట్టిన ప్రతి పిల్లకీ ఒక కొత్త ఫోన్ నంబరు. ఒకే నంబరుతో రెండో దరఖాస్తు వస్తే దొంగదని తోసెయ్యమని కూడా రాశాను. పరీక్షలన్నీ పాసయ్యాయి. హమ్మయ్య అనుకున్నాను.

సంత రోజు కొండమీది ఊరి నుంచి ఒకామె కూతుర్ని వెంటబెట్టుకుని కొట్టుకొచ్చింది. "మా గుంట కాయితం ఆఫీసులో తీసుకోలేదమ్మా. ఈ నంబరు ముందే ఎవులో ఇచ్చీసారంట. మాకు వేరే నంబరు ఏటుంది? మీ కొట్టుదే కదా."

సిగ్నల్ లేని ఊళ్లవాళ్లు ఎక్కడ నంబరు అడిగినా మా నాన్న నంబరే ఇస్తారు. ఫోనొస్తే ఆయన సంతకొచ్చిన వాళ్లతో కబురు పంపుతాడు. చిన్నప్పుడు సంతంతా తిరిగి ఆ మనుషుల్ని వెతికింది నేనే. ఇంత తెలిసీ మనిషికో నంబరని రాశానంటే నా బుద్ధి గడ్డి తిన్నట్టే.

నాన్న ఉల్లిపాయలు తూస్తూనే, "నీ కంప్యూటర్లో అందరికీ తలో ఫోనుందేటే?" అన్నాడు.

"మా ఊరి బడి ఐదుతో అయిపోనాది. సీటు రాకపోతే గుంట మేకలెనక పోవాల" అందామె.

"సీటెక్కడికీ పోదు, నేను చూస్తా" అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

ఫ్యాక్టరీలో పదిమందికి ఒకే నంబరు పెట్టి, ప్రోగ్రాం సరిచేసేసరికి నాలుగు రోజులు పట్టింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది. ఆఫీసుకు ఫోన్ చేస్తే సీట్లు నిండిపోయాయన్నారు. బతిమాలాను, అరిచాను. ఈ ఏటికి ఇంతేనన్నారు. ఆమెకు చెబుదామంటే ఉన్న నంబరు మాదే. వానలకు ఆ ఊరివాళ్లెవరూ కిందికి దిగలేదు.

మళ్లీ సంతకు ఆమే వచ్చింది. నెత్తిన కొత్త రేకు పెట్టె. కూతురికి నూనె రాసి, రెండు జడలు బిగించి, రిబ్బన్లు కట్టింది. పెట్టె మా గుమ్మంలో దించి, "ఏ బస్సెక్కాలమ్మా?" అంది.

సీటు లేదని చెప్పాను. వాన చప్పుడుకి వినబడలేదేమో, మళ్లీ చెప్పించుకుంది.