ఫిర్యాదుల అధికారి

రక్తదాతల యాప్ పెట్టాలన్న ఆలోచన నాదీ, నా స్నేహితురాలిదీ. ఇద్దరం ఖమ్మంలో ఇంజినీరింగ్ కలిసి చదువుకున్నాం. వాళ్ల నాన్న బొగ్గు గనిలో పనిచేసేవాడు. మా నాన్న సారపాకలో పేపరు మిల్లు కాంట్రాక్టు కార్మికుడు. హైదరాబాదులో కొన్నాళ్లు ఉద్యోగాలు చేశాక, వచ్చిన పనేదో మన దగ్గరే చేద్దామని తిరిగొచ్చి మా ఇంటి ముందు గదినే ఆఫీసు చేసుకున్నాం. అడవి ఊళ్ల నుంచి భద్రాచలం దవాఖానాకు వచ్చినవాళ్లు రక్తం దొరక్క, కనపడిన ప్రతివాళ్లనూ మీది ఏ గ్రూపు అని అడగడం మేం చిన్నప్పటి నుంచి చూసిందే.

యాప్ తయారైంది. యాప్ స్టోరులో పెట్టబోతే ప్రశ్నల మీద ప్రశ్నలు. ప్రైవసీ పాలసీ ఏదీ అంది. భోజనం ఇంటికి తెచ్చిచ్చే యాప్ పాలసీ ఒకటి కాపీ చేసి, పేరు మార్చి పెట్టాను. వాడేవాళ్ల సమాచారం ఇతరులకు కనిపిస్తుందా అని అడిగింది. "లేదు" అని నొక్కాను. కనిపిస్తుందని నాకు తెలుసు. యాప్ దించుకున్న ఎవరికైనా దాతల పేర్లూ ఫోన్ నంబర్లూ కనపడేలా రాసింది నేనే. అవునంటే ఇంకా నాలుగు పేజీలు తెరుచుకుంటున్నాయి. మాకేమో తొందర. చివర్లో ఫిర్యాదుల అధికారి ఎవరంది. నా పేరు వేసి, అప్పటికప్పుడు ఒక కొత్త మెయిల్ అడ్రసు పుట్టించి రాశాను. ఆ తర్వాత దాన్ని ఒక్కసారీ తెరవలేదు.

దాతల కోసం ఊరూరా తిరుగుతున్నప్పుడు బూర్గంపాడులో ఒకామె పరిచయమైంది. ముప్పై దాటి ఉంటాయి. బ్లౌజులు కుట్టే చిన్న షాపు ఉండేది. భర్త మిల్లుకు జామాయిల్ కర్ర తోలే లారీ డ్రైవరు. ఆమెది ఓ నెగటివ్. ఆ మాట వినగానే మేమిద్దరం మొహాలు చూసుకున్నాం, నిధి దొరికినట్టు.

వివరాలు రాసుకుంటుంటే ఆమె టేపు మెడలో వేసుకుని అడిగింది.

"నా నంబరు అందరికి కనపడదు గదా చెల్లె?"

"రక్తం కావాల్సినోళ్లకే అక్కా," అన్నాను.

ఆమె నమ్మింది. రెండుసార్లు రక్తం ఇచ్చింది కూడా. రెండోసారి ఇచ్చినప్పుడు నేను పక్కనే ఉన్నాను. దవాఖానా మెట్లు దిగుతూ, "నా అసొంటిదాని రక్తానికి గింత గిరాకీ ఉందని నాకు ఎరుకనే లేదు," అని నవ్వింది.

ఏడాది తిరగకముందే ఒక ప్రైవేటు ఆసుపత్రి వాళ్లు మాతో కలిసి పనిచేస్తామన్నారు. అయితే చట్టప్రకారం ఉండాల్సినవన్నీ ఉన్నాయని లాయరు చేత రాయించుకు రమ్మన్నారు. ఖమ్మంలో ఒక లాయరమ్మ దగ్గరికి వెళ్లాం. ఆమె మా పాలసీని ఫోనులో మొదటి నుంచి చివరి దాకా చదివింది. అలా చదివిన మొదటి మనిషి ఆమే.

"మీరు ఆర్డర్ చేసిన వంటకాలు అని ఉన్నది. ఈ వంటకాలేంది?"

నా స్నేహితురాలు నవ్వబోయి ఆగిపోయింది.

"ఫిర్యాదుల అధికారి ఎవరమ్మా?"

"నేనే మేడం."

"ఇప్పటిదాంక ఎన్ని ఫిర్యాదులు వచ్చినయ్?"

"ఏం రాలేదు మేడం."

"రాలేదా, నువ్వు చూడలేదా?"

పాస్‌వర్డ్ కూడా గుర్తు లేదు. ఆమె ముందే కూర్చుని మార్చుకుని తెరిచాను. ప్రకటనల మధ్యలో మూడు మెయిళ్లున్నాయి. మూడూ బూర్గంపాడు ఆమెవే. ఇంగ్లిషు అక్షరాల్లో రాసిన తెలుగు. మొదటిది నాలుగు నెలల కిందటిది.

"మేడం నా నంబరు తీసెయ్యండి. ఎవరెవరో మొగోళ్లు ఫోన్లు చేస్తున్నరు. రక్తం కోసం కాదు."

రెండోది, పది రోజుల తర్వాత. "మా ఇంట్ల లొల్లి అయితున్నది. దండం పెడుత, జల్దీ తీయుండ్రి."

మూడోదాంట్లో రెండే మాటలు. "మేడం, ఉన్నరా?"

లాయరమ్మ నా చేతిలోంచి ఫోను తీసుకుని చదివి, తిరిగి ఇచ్చింది. కోప్పడలేదు. "ముందు ఆ నంబరు తీసెయ్. కూసున్న కాడనే తీసెయ్," అంది. ల్యాప్‌టాప్ తెరిచి తీసేశాను. రెండు నిమిషాలు పట్టింది.

మర్నాడు పొద్దున్నే బూర్గంపాడు వెళ్లాను. షాపు షట్టరు మూసి ఉంది, కిరాయికి ఇవ్వబడునని కాగితం అంటించి ఉంది. పక్క షాపామెను అడిగి ఇంటికి వెళ్లాను. భర్త వాకిట్లోనే ఉన్నాడు.

"మీరేనా యాప్ వాళ్లు?" అన్నాడు. అవునన్నాను. నా మీద అరుస్తాడనుకున్నాను. అతను కిందికి చూస్తూ మాట్లాడాడు.

"లారీల అడ్డా కాడ ఒకడు ఫోను తెచ్చి చూపిచ్చిండు. గీ నంబరు నీ ఇంటామెదేనా, మాట్లాడితే మంచిగ మాట్లాడుతదా అన్నడు. అందరు నవ్విండ్రు. గప్పుడు నేనేం జెయ్యాలె, మీరే చెప్పుండ్రి."

లోపలి నుంచి ఆమె వచ్చి గుమ్మంలో నిలబడింది. చిక్కిపోయింది. రమ్మనలేదు, పొమ్మనలేదు.

"తప్పు నాదే అక్కా. నిన్ననే చూసిన. నీ నంబరు తీసేసినం," అన్నాను.

"ఆ సిమ్ము ఇరగ్గొట్టి శాన దినాలైంది," అంది.

ఆమె తలుపు పట్టుకుని నా వైపు చూసింది.

"యాప్‌ల మీ నంబరు లేకపాయె, మెయిలే ఉండె. నాకు మెయిల్ పంపుడు రాదు చెల్లె. పక్క షాపామెను బతిమిలాడి నేర్చుకున్న. మూడు పంపిన. ఒక్కటి గూడ చూడలేదా?"

లేదని తల ఊపాను. ఆమె నన్ను తిట్టి ఉంటే నాకు కొంత తేలికయ్యేదేమో. "సరే, పో ఇంక," అని లోపలికి వెళ్లిపోయింది.

యాప్ ఆపేశాం. దుమ్ముగూడెం నుంచి బూర్గంపాడు దాకా ప్రతి దాతనూ కలిసి, ఏం తీసుకున్నామో, ఎవరికి కనపడిందో చెప్పి, ఉంచమంటారా తీసేయమంటారా అని అడిగాం. సగం మంది తీసేయమన్నారు. దుమ్ముగూడెంలో ఒకావిడ మా ముఖం మీదే తలుపు వేసింది. ఉంచమన్నవాళ్ల నంబర్లు ఎవరికీ కనపడకుండా, ఫోన్లు మా ద్వారానే వెళ్లేలా మళ్లీ రాశాం. పాలసీ నేనే తెలుగులో, మా అమ్మకు అర్థమయ్యేంత తేలికగా రాశాను. ఆసుపత్రి వాళ్లు ఒప్పుకున్నారు. నా స్నేహితురాలు మాత్రం హైదరాబాదు ఉద్యోగానికి వెళ్లిపోయింది. బస్సెక్కే ముందు, "ఆ 'లేదు' నొక్కినప్పుడు నేనూ నీ పక్కనే ఉన్నగదనే," అంది.

ఇప్పుడు ఆ మెయిల్ రోజూ పొద్దున తెరుస్తాను. ఎక్కువగా ఏమీ ఉండదు.

పోయిన వానాకాలం ఒక అడవి ఊరి నుంచి కాన్పుకు వచ్చిన ఆమెకు ఓ నెగటివ్ కావాల్సి వచ్చింది. మా జాబితాలో ఎవరూ దొరకలేదు. ఖమ్మం బ్లడ్ బ్యాంకు వాళ్లు పంపుతామన్నారు, కానీ టైం పడుతుందన్నారు. నేను బండి తీసుకుని బూర్గంపాడు వెళ్లాను. వాళ్ల వీధి మలుపులో ఆగాను. ఆమె వాకిట్లో కూర్చుని బియ్యం చెరుగుతోంది. షాపు మళ్లీ తెరవలేదని అప్పటికే విన్నాను. అడిగితే వచ్చేదే అనిపించింది. అలా అనిపించినందుకే అడగలేకపోయాను. బండి తిప్పుకుని వచ్చేశాను.

మధ్యాహ్నానికి ఖమ్మం నుంచి రక్తం వచ్చింది. తల్లీ బిడ్డా బతికారు. రాకపోయి ఉంటే నేనేం చేసేదాన్నో నాకు ఇప్పటికీ తెలియదు.