నాయన గడ్డం మీది జబ్బుకు మూడు పేర్లు

డాక్టరు పరీక్ష పాసయ్యానని మద్రాసు నుంచి చిత్తూరు దాకా రైల్లో కనిపించిన ప్రతివాడికీ చెప్పాను. బజారులో మా క్షవరం అంగడి ముందు పెట్టె దించి, నాయనకు చెప్పబోయేసరికి ఆయన గడ్డం ఎత్తి చూపాడు.

"అవన్నీ మళ్లీ. ముందు ఇదేందో సూడు."

గడ్డం నిండా చీముగుల్లలు. ఒక్కో గుల్ల నడిమధ్య ఒక్కో వెంట్రుక. గడ్డాలు గీసేవాడి ముఖమే అట్లా ఉంటే కుర్చీలో ఎవరు కూర్చుంటారు? బజారు తలా ఒక పేరు పెట్టేసింది. అమ్మకు అది వేడి. ఎదురంగడాయనకు తామర. పక్కింటావిడకైతే, గొంతు తగ్గించి మరీ, కుష్టు. ఎవరు పెట్టిన పేరుకు తగ్గ పూత వాళ్లు పూసిపోయారు. నా పరీక్ష సంగతి అడిగిన నరమానవుడు లేడు.

మా పుస్తకాలూ తక్కువ తినలేదు. వెంట్రుక మొదట్లో పుట్టే జబ్బుల్ని ఒక చోట రంగును బట్టి, ఒక చోట ఆకారాన్ని బట్టి, ఇంకో చోట కనిపెట్టిన దొర పేరును బట్టి విడదీశారు. నాయనకొచ్చిన దానికే మూడు పేర్లు. వాటిని బట్టీ పట్టలేక నా ప్రాణం పోయింది.

ఇంకా మమ్మల్ని వదలని ఖాతా ఒక్కటే, బెల్లం మండీ సావుకారు. ఆయన వెంటే మండీ అంతా వస్తుంది. ఆయన మానేస్తే అంగడి మూసుకోవడమే. అప్పుడాయన ముఖం నిండా నురగతో కుర్చీలో ఉన్నాడు.

"డాక్టరు సదువుతాంటివి గదబ్బా. దీని పేరేందో సెప్పు. కుష్టు కాదు గదా?"

ఒకరైనా అడిగారన్న సంబరంలో పుస్తకం తెరిచాను. "కుష్టు కాదు సామీ. దీనికి మూడు పేర్లుండాయి. ఒకటి, ఇంగ్లీషోళ్లు పెట్టిన మంగలి దురద."

సావుకారు చటుక్కున లేచాడు. "అయితే మంగలోళ్ల నుంచే వస్తాదన్నమాట! దొరలే రాసినారు గదప్పా!" సగం గీసిన గడ్డంతో వీధిలోకి దిగాడు.

"నా నోట్లో మన్ను గొడితివి గదరా!" అన్నాడు నాయన. "ఇంకా రెండు పేర్లుండాయంటివే, వాటిలో ఒకటి సెప్పకూడదా?"

"పేరేదైతే ఏముండాది నాయనా? వెంట్రుక మొదట్లో చీము, అంతే. కత్తితో అంటుకుంటాది, అది ఎవరి కత్తయినా సరే. తగ్గేదాకా నువ్వు ఎవరికీ గీయకూడదు. కత్తీ తువ్వాలూ మసిలే నీళ్లలో ఉడకబెట్టాల."

నాయన కత్తి నా వైపు చాపాడు. "నేను కత్తి దించితే మండీకాడ ఇంకోడు కుర్చీ ఏస్తాడు. నువ్వు పట్టు."

"నేను డాక్టర్ని నాయనా!"

"డాక్టర్లు కత్తి పట్టరా?"

ఇంట్లోంచి మసిలే నీళ్లు తెచ్చి అందరికీ కనబడేలా గుమ్మంలో పెట్టి, కత్తి అందులో పడేసి, నాయన వీధిలోకి కేకేశాడు. "సామీ, రాండి! మా అబ్బోడు డాక్టరు పరీక్ష పాసయినాడు! ఉడకబెట్టిన కత్తితో డాక్టరే గీస్తాడు!"

బజారంతా తిరిగి చూసింది. సగం గడ్డంతో మండీకి పోలేక వీధి మూలన నిలబడిన సావుకారు వచ్చి కూర్చున్నాడు. ఆయన వెనకాలే ఇద్దరు మండీవాళ్లు గుమ్మంలో నిలబడ్డారు.

నేను గీస్తుంటే సావుకారు గడ్డం పైకెత్తి, "ఏమబ్బా, పాసయినావని ఒక్క మాటన్నా సెప్పకపోతివే?" అన్నాడు.

కత్తి ఆయన గొంతు మీద ఉంది గనక ఓర్చుకున్నాను.