మంద ముందు నడిచినవాడు

ఐక్యరాజ్యసమితి శాంతిసేనలో దక్షిణ సూడాన్‌లో మేం విమానం దిగేసరికి వాన. అనంతపురం వాడికి వాన కనబడితే ముఖం పైకెత్తి నవ్వడం అలవాటు. మా హవల్దార్‌ది హర్యానా. నన్ను చూసి, "ఇంకో నాలుగు నెలలు ఇదే. నవ్వుతూనే ఉండు" అన్నాడు. నవ్వు రెండో రోజుకే ఆగింది. అక్కడి నల్లరేగడి బూటును పట్టుకుంటే అప్పులవాడిలా వదలదు.

వానలు తగ్గాక మమ్మల్ని చౌకీలో వేశారు. నీలం హెల్మెట్, తూటాలు ఆపే బరువు చొక్కా, రైఫిల్, రెండు సీసాల నీళ్ళు. చౌకీ వెనక ముళ్ళకంచె లోపల, ఊళ్ళు వదిలి వచ్చిన జనం ఉన్నారు. వాళ్ళను కాయడం మా పని. అక్కడ పశువే ఆస్తి. దాని కోసం ముఠాలు తుపాకులతో వస్తాయి. కాపరి భుజానా అదే తుపాకి ఉంటుంది. హుకుం ఒకటే: ఆయుధంతో ఎవరైనా చౌకీ ముందు పాతిన ఎర్రజెండా దాటితే ఒక హెచ్చరిక, తర్వాత కాల్పులు.

ఒక సాయంత్రం గడ్డిలోంచి కొమ్ములు లేచాయి. వాటిని చూస్తే మా లేపాక్షి బసవన్న కూడా తలదించుకుంటాడు. మధ్యలో మనుషులు. దోమలకని ఒళ్ళంతా పిడకల బూడిద. భుజాన తుపాకులు.

వైర్‌లెస్ వాడిది మా జిల్లా పామిడే. "పెద్ద మంద. ఆయుధాలున్నాయి. మా వైపే" అని పై అధికారులకు చెప్పాడు.

"హుకుం తెలుసుగా" అని జవాబు.

దుర్బిణిలో చూశాను. ఒక ముసలాయన ముందు నడుస్తున్నాడు, మంద వెంట వస్తోంది. "కాపర్లే సాబ్" అన్నాను. "మా వైపు గొర్రెలకాపరి ముందు నడుస్తాడు. దొంగిలించిన మందయితే వెంట రాదు, వెనక నుంచి తోలాలి."

"మేం బర్రెల వెనకే నడుస్తాం. మా ఊరంతా దొంగలేనా?" అన్నాడు హవల్దార్.

మళ్ళీ దుర్బిణి కళ్ళకు పెట్టుకున్నాను.

"ఏమప్పా, మీ నాయన గొర్రెల లెక్క ఈడ ఎద్దులకు చెల్లుతాదని ఎవురు చెప్పినారు? తప్పయితే ముందు సచ్చేది మనమే" అన్నాడు పామిడివాడు.

"నువ్వే ముందు పోతావులేప్పా. ఆ డబ్బా మోసుకోని యాడికి ఉరుకుతావు?" అన్నాను.

వాడు నవ్వలేదు. నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

హవల్దార్ జెండా వైపు చూశాడు. మంద దాన్ని చేరబోతోంది. "నీ మాట మీద నీకు నమ్మకముంటే వెళ్ళి చూడు."

నమ్మకం అంతగా లేదు. కానీ వెళ్ళకపోతే తుపాకులు పేలతాయి. రైఫిల్ నేలకేసి పట్టుకుని నడిచాను. ముందు వాళ్ళ తుపాకులు, వెనక మావాళ్ళవి.

ముసలాయన ఆగాడు. కర్ర ఎవరూ ఎత్తకుండానే మంద ఆగింది. ఆయన తుపాకి కింద పెట్టి, హెల్మెట్ తీయమని సైగ చేశాడు. తీశాను. అరచేతిలో ఉమ్మి నా నెత్తిన రాశాడు. అది వాళ్ళ దీవెన అని తర్వాత తెలిసింది. అప్పటికి మాత్రం కదలకుండా నిలబడ్డాను.

"ఏం చేస్తాండాడప్పా?" వెనక నుంచి పామిడివాడి కేక.

"తెల్దు. కాల్చొద్దు."

వాళ్ళు తుపాకులు బయట వదిలారు. గేటు తెరిచాం. ముఠా తమ వెనకే ఉందని మా చౌకీ దుబాసీకి చెప్పారు. ఆ రోజు ముఠా రాలేదు.

ఇప్పుడు మా బత్తలపల్లిలో టీ బంకు దగ్గర, "దేశాలు తిరిగినావు, ఏం చూసినావన్నా?" అని అడుగుతారు. కొమ్ముల సంగతి, ఉమ్మి సంగతి చెబుతాను. నవ్వుతారు. మిగతాది చెప్పను.

ఆ సాయంత్రం మంద చివర ఒక ముసలామె వచ్చింది. వెనక్కి నడుస్తూ వచ్చింది, ముఖం వచ్చిన దారి వైపే. గేటు దగ్గర రాయి తగలకుండా నేనే భుజం పట్టి లోపలికి నడిపించాను. ఆమె తిరగలేదు. ఇంకెవరైనా రావాలా అని దుబాసీతో అడిగించాను. గేటు మూస్తే కంచె తీగ పట్టుకుని నిలబడింది.

నెలల తర్వాత మేం తిరుగుప్రయాణానికి లారీ ఎక్కిన పొద్దున కూడా ఆమె ముఖం దారి మీదే ఉంది.