వెల్ష్ పుస్తకానికి పసుపు

పెళ్ళయి అమెరికాలో కాపెల్ అనే ఊరు వచ్చిన కొత్తలో నాకు తెలిసిన లోకమంతా వంటిల్లు, బట్టల మిషను, మా ఆయన. మూడో తరగతితో బడి మానేసినదాన్ని (నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది, తప్పులుంటే తనవే). ఆయన ఇంజనీరు. ఆయనకున్న పిచ్చి ఒక్కటే, వెల్ష్ భాష గురించి తొలిరోజుల్లో అచ్చయిన వ్యాకరణాలు, నిఘంటువులు పోగెయ్యడం. "ఇంగ్లీషు పక్కనే కాపురం ఉండి కూడా చావలేదే ఆ భాష! ఇదిగో, ఈ పుస్తకాలే దాన్ని నిలబెట్టాయి" అనేవారు. నాకు ఇంగ్లీషే రాదు, ఇక దాని పక్కింటిదాని సంగతి ఏం తెలుస్తుంది? తల ఊపేదాన్ని.

ఆయన ఏళ్ళ తరబడి వెతుకుతున్న నిఘంటువొకటి బెంటన్‌విల్ అనే ఊళ్ళో ఒక ముసలాయన దగ్గర ఉంది. ఆయనదీ ఇదే పిచ్చి. నేను గడ్డం తాతగారు అనేదాన్ని. ఆ తాతగారి దగ్గర లేని పాత వ్యాకరణం ఒకటి మా ఆయనకి పోస్టులో వచ్చింది. ఇది ఇచ్చి అది పుచ్చుకోవాలని మాట. శనివారం తాతగారు డ్రైవ్ చేసుకుని వస్తున్నారంటే, మా ఆయన శుక్రవారం నుంచే అన్నం సరిగా తినలేదు.

ఆ పొద్దున ఆయన పళ్ళు తేవడానికి వెళ్ళారు. నేను తలస్నానం చేసి వచ్చేసరికి బల్లమీద ఆ పుస్తకం. మా పుట్టింట్లో ఎక్కాల పుస్తకానికైనా పసుపు రాయందే చేతికిచ్చేవారు కాదు. ఇంటికొచ్చిన కొత్త పుస్తకాన్ని బొట్టయినా లేకుండా పంపడమా? తడి పసుపు కలిపి మొదటి పేజీ నాలుగు మూలలా దిద్ది, నడుమ ఇంత కుంకుమ పెట్టాను. (దాని వయసు నాకెవరు చెప్పారు? నాకది మొన్న వచ్చిన పుస్తకమే.)

మధ్యాహ్నం తాతగారు వచ్చి, అట్ట తెరిచి "ఓ డియర్" అన్నారు. తన నిఘంటువుని మళ్ళీ గుడ్డలో చుట్టుకున్నారు. నేను పెట్టిన గారెలు మాత్రం రెండు తిని వెళ్ళారు, పాపం, మర్యాదస్తుడు.

"ఏంటే ఇది?" అన్నారు మా ఆయన.

"పూజండీ. కొత్త పుస్తకం కదా."

"కొత్తదా! మా తాతకి తాత కంటే పాతదే!"

"తడిగుడ్డతో తుడిచేస్తానండీ..."

"నీకు దణ్ణం పెడతా తల్లీ, ఇంక ముట్టుకోకు!"

పగలబడి నవ్వారు. నవ్వుతూనే బాత్రూంలోకి వెళ్ళి చాలాసేపు రాలేదు. కుళాయి చప్పుడు వింటూ తలుపు బయట నిలబడ్డాను.

ఆ నిఘంటువు మళ్ళీ దొరకలేదు. తాతగారు పోయాక ఆయన పుస్తకాలు ఎవరెవరి పాలో అయ్యాయి. పోయినేడు మా ఆయనా వెళ్ళిపోయారు. ఇన్నేళ్ళ కాపురంలో ఆ సంగతి ఒక్కసారైనా ఎత్తిపొడవలేదు. కూర మాడినప్పుడు అరిచారు, కారు గీసుకుపోయినప్పుడు అరిచారు, దీనికి మాత్రం అరవలేదు. ఒక్కసారి తిట్టి ఉంటే నా మనసు తేలికపడేది. ఇప్పుడాయన బదులు నన్ను నేనే తిట్టుకుంటున్నాను, "పిచ్చిదానా, అడిగి చెయ్యొచ్చు కదే" అని. మధ్యలో నాకే నవ్వొచ్చి, ఆ తిట్టు కూడా పూర్తి కావడం లేదు.